నలభై అంగుళాల కొండ

క్యారీ, నార్త్ కరోలినా
సెప్టెంబర్ 14

ఒరేయ్ పద్మనాభం,

నా చేతిరాత చూసి కంగారు పడకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోనెత్తితే మూడో నిమిషానికల్లా మనిద్దరం అరుచుకుంటున్నామని మీ బావగారు కొత్త రూలు పెట్టారు. "మీ అక్కాతమ్ముళ్ళు ఉత్తరాలు రాసుకోండి, స్టాంపు అంటించేలోపు కోపమైనా చల్లారుతుంది" అన్నారు. ముప్పై మూడేళ్ళ కాపురంలో ఆయన అన్న మాటల్లో పనికొచ్చింది ఇదొక్కటే.

సంగతేమిటంటే, నీకో పని పంపిస్తున్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయి నువ్వు ఫ్రేముల కొట్టు కొన్నప్పుడు నేను అనరాని మాటలు అన్నాను. "మాస్టర్స్ చదివి దేవుడి పటాలు కట్టుకుంటావా" అన్నాను. నువ్వు ఏడాది మాట్లాడలేదు. ఆ మాట వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు కాబట్టి పని ఇస్తున్నాను, అర్థం చేసుకో.

రిటైరయ్యాక సీనియర్ సెంటర్‌లో బొమ్మలు నేర్చుకుంటున్నానని చెప్పానుగా. నేర్పేది షెన్ బొయాన్ గారని చైనా ఆయన, ఎనభై ఒకటో ఏడు. వాళ్ళ పద్ధతిలో కొండలు, నీళ్ళు, మబ్బులు, అంతే. రంగులుండవు, నల్ల సిరా ఒక్కటే. అదైనా సీసాలోది కాదు, సిరా కడ్డీని రాతి మీద నీళ్ళతో గంధం తీసినట్టు అరగదీయాలి. మొదటి మూడు నెలలు నాచేత అరగదీయించడమే. తర్వాత మూడు నెలలు రాళ్ళు. "మిసెస్ చాము, నీ రాయి ఇడ్లీలా ఉంది" అంటారు. మా కాలనీలో ఇడ్లీ తిన్నాక ఆయనకి దొరికిన ఉపమానం అది.

ఈ ఉత్తరంతో పాటు అట్ట ట్యూబులో చుట్టి పంపుతున్నది ఆయన వేసిన బొమ్మ. పిల్లలు లేరు, భార్య పోయి పదేళ్ళయింది. కళ్ళు మసకబారుతున్నాయి. రెండేళ్ళు కష్టపడి ఈ ఒక్కటి పూర్తిచేశారు. డిసెంబర్ పదకొండు వాళ్ళ గురువుగారు పోయిన రోజు. మన తద్దినం లాంటిదే అనుకో. ఆ రోజు దీన్ని గోడకి తగిలించి, ముందు టీ పెట్టి, మూడుసార్లు వంగి "చూడండి" అని గురువుగారిని పిలవాలట. ఆ మనిషికి ఒక్క బొమ్మ చూపించడానికి యాభై తొమ్మిదేళ్ళు ఆగానన్నారు. ఎందుకాగారో చెప్పలేదు. నేనూ గుచ్చి అడగలేదు.

డిసెంబర్‌కి ముందే రావాలి. నీట్‌గా కట్టి పంపు.

అక్క

*

ఐసెలిన్, న్యూజెర్సీ
సెప్టెంబర్ 25

అక్కా,

నీ ఉత్తరం కొట్లో అందరికీ చూపించాను. చాముండేశ్వరి తప్పు ఒప్పుకుందంటే సామాన్యమా! లామినేట్ చేసి కౌంటర్ వెనకాల తగిలిద్దామనుకున్నాను గానీ మా ఆవిడ వద్దంది.

బొమ్మ క్షేమంగా అందింది. విప్పగానే చేసే పని ఆపేశానంటే నమ్ము. నాకు ఆర్టు తెలీదు. నా దగ్గరికొచ్చేవి వెంకటేశ్వరస్వామి, గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్లు, పిల్లల మొదటి పుట్టినరోజు ఫొటోలు. కానీ ఆ కొండ అంచున ఒంటి చెట్టు ఉంది చూడు, అది ఎంత సేపు చూసినా పడిపోతుందేమోనని భయంగానే ఉంది. సిరాతో రాయి బరువు ఎలా తెప్పించాడే బాబూ ఆయన? ఇంతకీ సగం కాగితం అలా వదిలేశాడేం, సిరా అరగదీసే ఓపిక అయిపోయిందా?

నీకు మాటిస్తున్నాను, ఇది నా కొట్లో ఇప్పటిదాకా కట్టినవాటన్నిటిలోకీ మంచి ఫ్రేమ్ అవుతుంది. నిన్ననే హీట్ ప్రెస్‌లో పెట్టి బోర్డుకి సెట్ చేశాను. వచ్చినప్పుడు ముడతలు ముడతలుగా ఉన్న కాగితం ఇప్పుడు ఇస్త్రీ చొక్కాలా ఉంది. నల్ల చెక్క, మెరవని అద్దం. అద్దం వస్తే పదిరోజుల్లో నీ గుమ్మంలో ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా పదిహేనేళ్ళు ఎవరి కోసం ఏ కోడ్ రాశానో గుర్తులేదు. ఇది మాత్రం గుర్తుంటుంది.

నీ ఇడ్లీ రాళ్ళు కూడా పంపు, ఫ్రేమ్ కట్టిస్తాను.

పద్మనాభం

*

క్యారీ
అక్టోబర్ 2

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం షెన్ గారికి చదివి వినిపించాను, ఇంగ్లీషులో. చెట్టు పడిపోతుందేమోనని నువ్వు భయపడ్డావని చెప్తే ఆయన చప్పట్లు కొట్టారు. "నీ తమ్ముడు చూడగలడు" అన్నారు. నాకు రెండేళ్ళలో రాని మెప్పు నీకు రెండు నిమిషాల్లో! కుళ్ళుకుని చచ్చాను.

సగం కాగితం ఎందుకు వదిలారని నువ్వడిగిన ప్రశ్నే నేనూ అడిగాను. దానికి జవాబుగా ఆయన తన బతుకంతా చెప్పారు. రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

వాళ్ళ గురువు తావ్ గారు హువాంగ్‌షాన్ కొండల కింద ఉండేవారట. కాగితం పై భాగం వదిలేయడం ఆయన నేర్పిన పద్ధతి. "కొండ నువ్వు వెయ్యి, పైన నువ్వు వెయ్యకు, అది నీది కాదు" అనేవారట. ఆ తెలుపే పొగమంచు. ఆ తెలుపుంటేనే కింద కొండకి ఎత్తొస్తుంది. షెన్ గారు ఇరవై రెండేళ్ళప్పుడు అక్కడ శిష్యుడు. తర్వాత సాంస్కృతిక విప్లవమని దేశం తలకిందులైంది. ఆయన గోడల మీద నినాదాలు రాశారు. తొంభై ఒకటిలో ఇక్కడికొచ్చి జార్జియా నుంచి మన కరోలినా దాకా చైనీస్ రెస్టారెంట్ల గోడల మీద కొండలు వేశారు. ఇరవై ఏళ్ళు! ఎక్కడ కాస్త తెలుపు వదిలినా ఓనరొచ్చి "ఇక్కడ మర్చిపోయారు, ఒక కొంగని వెయ్యండి" అనేవాడట. కొంగ వేసేవారు. "అమెరికాలో నేను నాలుగు వందల కొంగలు వేశాను, ఒక్క మబ్బూ వేయలేదు" అన్నారు. నవ్వాననుకో, నవ్వకూడదని తర్వాత తెలిసింది. ఆయన నవ్వట్లేదు.

ఇంటి దగ్గర తన కోసం వేసుకున్నప్పుడు కూడా చెయ్యి ఆగేది కాదట. ఖాళీ కనబడితే భయమట. ఏదో ఒకటి వేసి కప్పేసేవారు. వేసినవన్నీ చింపేసేవారు. ఈ ఒక్క బొమ్మలోనే, ఎనభయ్యో ఏట, చెయ్యి పైకి వెళ్ళకుండా ఆపుకోగలిగారు. పైన వదిలింది తావ్ గారు కూర్చోవడానికి వేసిన పీటట. డిసెంబర్ పదకొండున వచ్చి కూర్చుంటే తనని మళ్ళీ శిష్యుడిగా ఒప్పుకున్నట్టు. లేకపోతే లేదు. ఇంత చదువుకున్న మనిషి, మా అత్తగారు కాకికి పిండం పెట్టి ఎదురు చూసినట్టు ఎదురు చూస్తున్నారు.

కాబట్టి నాయనా, ఆ తెలుపు మీద ఒక్క వేలిముద్ర పడినా నేనూరుకోను.

అక్క

*

ఐసెలిన్
అక్టోబర్ 19

అక్కా,

ఆలస్యానికి క్షమించు. కొట్లో పని ఎక్కువగా ఉంది. దీపావళి అని ఆర్డర్లు. అద్దం వచ్చింది గానీ మూల విరిగి వచ్చింది, తిప్పి పంపాను. నల్ల చెక్క కూడా స్టాక్ లేదంటున్నారు. కాస్త టైమ్ పడుతుంది.

ఒక మాట అడగాలి. షెన్ గారు ఇలాంటిదే ఇంకొకటి వేయగలరా? ఊరికే అడుగుతున్నాను. కొండ అదే, కాగితం ఎక్కడ దొరుకుతుందో చెప్తే నేను తెప్పించి పంపుతాను, ఎంత కావాలంటే అంత. ఒకటికి రెండుంటే మంచిదే కదా. అలాగే ఆ పైన తెలుపు ఎంత ఉండాలనే లెక్క ఏమైనా ఉంటుందా, కొంచెం అటూ ఇటూ అయినా ఫరవాలేదా? ఫ్రేమ్ గురించే.

బావగారికి నమస్కారాలు చెప్పు. నువ్వు ఆరోగ్యం జాగ్రత్త.

పద్మనాభం

*

క్యారీ
నవంబర్ 2

ఒరేయ్,

ఇదేం ఉత్తరంరా, బ్యాంకు వాడు రాసినట్టుంది. ఒక్క వెటకారం లేదు, ఒక్క తిట్టు లేదు. ఒంట్లో బాగుందా? మీ ఆవిడతో గొడవా? కొట్టు సరిగ్గా నడవట్లేదా? ఏదైనా చెప్పు, నీ అక్కని. నేనిప్పుడు మారాను, అరవను.

ఇంకొక బొమ్మ మాట మర్చిపో. పోయిన మంగళవారం ఆయన్ని కంటి డాక్టర్ దగ్గరికి నేనే డ్రైవ్ చేశాను. రెటీనా మధ్యభాగం పోయింది. ఇంజెక్షన్లు ఇక దండగ అన్నారు. ఎదురుగా ఉన్న మనిషి మొహం కనబడదు, పక్కన ఉన్నవి మాత్రం కనిపిస్తాయి. ఇంటికొచ్చాక సిరా అరగదీయమన్నారు. అరగదీశాను. కుంచె ముంచబోయి గిన్నె పక్కన బల్ల మీద ముంచారు. రెండోసారీ అంతే. మూడోసారి కుంచె కడిగి, తుడిచి, నా చేతిలో పెట్టి "అయిపోయింది మిసెస్ చాము" అన్నారు. నేను బాత్రూంలోకెళ్ళి ఏడ్చాను. ఇంక ఆయనకి మిగిలింది నీ దగ్గరున్న బొమ్మొక్కటే.

ఆ రోజే చెప్పారు యాభై తొమ్మిదేళ్ళు ఎందుకాగారో. రాయాలంటే చెయ్యి రావట్లేదు గానీ నువ్వు తెలుసుకోవాలి, దాన్ని కట్టేది నువ్వు.

అరవై ఆరులో కాలేజీ కుర్రాళ్ళు గుంపుగా తావ్ గారి ఇంటి మీద పడ్డారు, పాతవన్నీ తగలబెట్టాలని. ఆ గుంపులో ఈయనా ఉన్నారు. బొమ్మలు వాకిట్లో పోగేసి నిప్పు పెడితే మండలేదట. చుట్టి ఉన్నవి కదా, వెనక పట్టు, జిగురు, కర్ర, ఉత్త పొగ. అప్పుడొకడు "కోస్తే మండుతాయి" అన్నాడు. "ఆ ఒకడిని నేనే" అన్నారు షెన్ గారు. లోపలికెళ్ళి గురువుగారి బల్ల మీది కత్తెర తెచ్చి ఒక్కొక్కటే కోసి మంటలో వేశారు. ముప్పై ఒకటి. తావ్ గారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. తిట్టలేదు, అడ్డం రాలేదు. "బొయాన్, కొంచెం వెనక్కి జరుగు, చొక్కా మీద నిప్పురవ్వలు పడతాయి" అన్నారు. అదే చివరి మాట. ఆ డిసెంబర్‌లో ఆయన పోయారు.

ఇది చెప్పి నా వంక చూశారు. నా మొహం ఆయనకి కనబడదుగా, అందుకే చెప్పగలిగారేమో.

పద్మనాభం, నెలాఖరుకల్లా బొమ్మ రావాలి. చెక్క దొరక్కపోతే ఏ చెక్కైనా సరే. అద్దం లేకపోయినా సరే.

అక్క

*

ఐసెలిన్
నవంబర్ 10

అక్కా,

కూర్చుని చదువు.

బొమ్మ పైభాగం నేను కోసేశాను. పద్నాలుగు అంగుళాలు.

అద్దం విరగలేదు. చెక్క స్టాక్ ఉంది. అవన్నీ అబద్ధాలు. సెప్టెంబర్‌లో నీకు ఆ గొప్పల ఉత్తరం రాయడానికి ముందు రోజే కోశాను. వెనక వేసే బోర్డు ముప్పై రెండు బై నలభై అంగుళాలు వస్తుంది. అంతకన్నా పొడుగుది కావాలంటే స్పెషల్ ఆర్డర్, మూడు వారాలు పడుతుంది. బొమ్మ యాభై నాలుగుంది. పైన చూస్తే ఉత్త తెల్లకాగితం. పెళ్ళి ఫొటోల్లో పైన షామియానా ఎక్కువైతే రోజూ కోస్తాను, ఎవరూ అడగరు. అలాగే స్కేలు పెట్టి ఒక్క గీత గీశాను. అంచు ఎంత చక్కగా వచ్చిందో అని మురిసిపోయాను కూడా. నీకు త్వరగా పంపి ఆశ్చర్యపరచాలని. నువ్వు నాకు పని ఇవ్వడం అదే మొదటిసారి.

కోసిన ముక్క చెత్త కాగితాల డబ్బాలో వేశాను. మంగళవారం రీసైక్లింగ్ ట్రక్ వచ్చి తీసుకెళ్ళింది. నీ ఉత్తరం, పీట అని రాసిన ఉత్తరం, ఆ వారం శుక్రవారం వచ్చింది. కౌంటర్ దగ్గర నిలబడి చదివాను. ఒకావిడ కొడుకు డిప్లొమా పట్టుకుని నిలబడి ఉంది, ఆవిడతో ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు. డబ్బా ఖాళీ అని తెలిసి కూడా మళ్ళీ మళ్ళీ వెతికాను.

బోర్డు మీంచి ఊడదీయలేమా అని అడుగుతావు. కుదరదు. హీట్ ప్రెస్‌లో జిగురు కరిగి కాగితం బోర్డు ఒకటైపోతాయి. లాగితే కొండ కూడా పోతుంది.

చెప్పకుండా ఎలా దాటేయాలా అనే చూశాను ఇన్నాళ్ళూ. కత్తెర సంగతి చదివాక నా వల్ల కాలేదు. ఆయన కోసినవి ముప్పై ఒకటి, నేను కోసింది ముప్పై రెండోది అనిపిస్తోంది అక్కా. నువ్వు ఏమన్నా పడతాను.

పద్మనాభం

*

క్యారీ
నవంబర్ 17

పద్మనాభం గారికి,

మీ ఉత్తరం అందింది.

మీరు కోసింది షామియానా కాదు. రెండేళ్ళపాటు ఒక ముసలాయన తన చేతిని తనే పట్టుకుని ఆపుకున్నది కోశారు. కోసి, మురిసిపోయి, తర్వాత నెల రోజులు దాచి, నాతో చెక్క స్టాక్ లేదని అబద్ధమాడారు. ఒక్క ఫోన్ చేసి "అక్కా, పైన ఖాళీ ఉంది, ఏం చేయను" అని అడగడానికి మీకు నోరు రాలేదు. మీకు తెలీదని ఒప్పుకోవడం చిన్నప్పటి నుంచీ మీకు చేతకాదు. సైకిల్ తొక్కడం వచ్చని చెప్పి నన్ను వెనకాల ఎక్కించుకుని కాలవలో పడేసిన మనిషి మీరు.

మీరొక్కరే కాదు. న్యూయార్క్ ఫ్లషింగ్‌లో తనకి తెలిసిన చైనా ఆవిడ ఉంది, ఈ పనే చేస్తుంది, అక్కడికి పంపుదాం అని షెన్ గారన్నారు. నేనే వద్దన్నాను. మా తమ్ముడున్నాడు, వాడికిస్తే వాడికి గౌరవంగా ఉంటుంది అని పట్టుబట్టాను. ఎవరి బొమ్మతో ఎవరికి గౌరవం కొనిపెట్టాను నేను? "బోర్డుకి సెట్ చేశాను" అని మీరు రాసిన ముక్క నేను చదివాను. ఏం సెట్ చేశావు అని అడగాలి కదా. సంతోషంలో ఉన్నాను, అడగలేదు.

ఆయన రోజూ అడుగుతున్నారు. దారిలో ఉంది అంటున్నాను. నాకూ మీ విద్యే అబ్బింది.

ఉన్నది ఉన్నట్టుగా పంపించండి.

చాముండేశ్వరి

*

ఐసెలిన్
నవంబర్ 28

అక్కా,

నన్ను 'మీరు' అనకు. తిట్టు, చావగొట్టు, 'మీరు' మాత్రం అనకు.

బొమ్మ మొన్న పంపించాను. డిసెంబర్ అయిదుకి వస్తుంది. దానికి ముందు ఫ్లషింగ్ వెళ్ళాను. నువ్వు రాసిన ఆవిడేనేమో, పెద్దావిడ, జిగురు కుంచె పట్టుకునే మాట్లాడింది. బొమ్మ చూపించి అదే రకం కాగితం అతికించి పైభాగం పెంచగలరా అనడిగాను. చాలాసేపు చూసింది. అతికితే అడ్డంగా గీత కనిపిస్తుంది, మంచులో గోడ కట్టినట్టుంటుంది, చేయను అంది. "ఎవరు కోశారు" అనడిగింది. కస్టమర్ ఎవరో అన్నాను. అక్కడా అబద్ధమే.

కారేసుకుని వస్తాను. పదకొండుకి ముందే వచ్చి ఆయన కాళ్ళ మీద పడతాను. నేనే చెప్తాను, నువ్వు చెప్పొద్దు. లేదా అసలు చెప్పకపోతే? మధ్యలో కనబడదన్నావుగా. ఆయన తెలుపు ఉందనుకుంటే ఉన్నట్టే కదా. ఇలా రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ ఆయన మనసు నిలబడితే చాలు, పాపం నేను మోస్తాను. నువ్వేదంటే అది.

పద్మనాభం

*

క్యారీ
జనవరి 8

తమ్ముడూ,

నిన్ను రావొద్దని ఒక్క మెసేజ్ పెట్టి ఊరుకున్నాను. తర్వాత నీ ఫోన్లు ఎత్తలేదు. కోపంతో కాదు. ఏం చెప్పాలో నాకు తెలిసే దాకా ఆగాను.

షెన్ గారు శనివారం పోయారు. న్యుమోనియా అన్నారు ఆసుపత్రిలో. ఫ్యునరల్ హోమ్‌లో ఆరుగురం ఉన్నాం. మీ బావగారు టై కట్టుకుని వచ్చారు.

బొమ్మ అయిదో తారీకునే వచ్చింది. ఆరు రోజులు కారు డిక్కీలో ఉంచాను. నువ్వనుకున్నట్టే నేనూ అనుకున్నాను, కనబడదులే అని. పదకొండు పొద్దున తీసుకెళ్ళి గోడకి తగిలించాను. టీ ఆయనే పెట్టారు. కోటు వేసుకున్నారు. బొమ్మ ముందు నిలబడి, కోడి చూసినట్టు తల పక్కకి తిప్పి చూశారు. మనం మర్చిపోయింది అదేరా. ఆయనకి పోయింది మధ్య భాగం. కొండ కనబడదు. అంచులు కనబడతాయి. ఆయన చూడగలిగింది నువ్వు కోసిన చోటొక్కటే.

దగ్గరికెళ్ళారు. అద్దం మీద చెయ్యి పెట్టి పైకి జరిపారు. కాసేపటికే చెయ్యి చెక్కకి తగిలింది. దించి మళ్ళీ జరిపారు. మళ్ళీ తగిలింది. నేను నోరు తెరిచేలోపు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. వంగి దణ్ణం పెట్టలేదు. "ఆయన కూర్చోలేదు" అన్నారు. "పీట తీసేశారు."

నేను చెప్పాను పద్మనాభం. ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. మా తమ్ముడు కోశాడు, తెలియక కోశాడు, మీ గురువుగారికి దీనితో సంబంధం లేదు అని. ఎందుకు కోశాడు అన్నారు. బోర్డు నలభై అంగుళాలే వస్తుంది, అందుకని అన్నాను. ఆయన నవ్వారు. ఎగతాళిగా కాదు, చిన్నపిల్ల అబద్ధమాడితే నవ్వినట్టు. "నేను ముప్పై ఒకటి కోశాను. యాభై తొమ్మిదేళ్ళ తర్వాత నాది ఒకటి తెగింది. అది అట్ట సైజు వల్లా?"

మర్నాడు టేపు పట్టుకెళ్ళాను. ఫ్రేమ్ కొలిచి చూపించాను, నలభై అని. ఆ సైజు బోర్డులు అమ్మే చోటికి తీసుకెళ్తానన్నాను. ఫ్లషింగ్‌కి పంపకుండా అడ్డుపడింది నేనేనని ఒప్పుకున్నాను. ఫలితం లేదు. చివరికి నీ నవంబర్ ఉత్తరం, నువ్వు కోశానని రాసింది, తీసుకెళ్ళి మాట మాటా ఇంగ్లీషులో చెప్పాను. షామియానా గురించి, ట్రక్ గురించి, ముప్పై రెండోది అన్న మాట గురించి. కళ్ళు మూసుకుని విన్నారు. అయ్యాక ఆ కాగితం అడిగి తీసుకున్నారు. తెలుగు అక్షరాల మీద వేలితో తడిమారు.

"నీ తమ్ముడు చాలా మంచివాడు" అన్నారు. "నేను బాధపడతానని తప్పు తన మీద వేసుకున్నాడు. నన్ను ఒక్కసారైనా చూడకుండానే, ఒక ముసలివాడి కోసం."

కాదండీ, నిజంగానే వాడే కోశాడండీ అని అరిచాను. నా జీవితంలో ఎవరి మీదా అలా అరవలేదు. నా చెయ్యి తట్టి ఊరుకోమన్నారు. ఆ తర్వాత ఇంక ఆ సంగతి ఎత్తనివ్వలేదు. బొమ్మని తీసేయమనలేదు, దాని వైపు తిరగనూ లేదు. భోజనం తగ్గించేశారు. క్రిస్మస్‌కి దగ్గు మొదలైంది. గురువు తనని ఒప్పుకోలేదని నమ్మే పోయారు. నేను మార్చలేకపోయాను. నిజం ఉన్నది ఉన్నట్టు చెప్పినా మార్చలేకపోయాను.

నిన్ను నేను క్షమించానా అని అడుగుతావు. క్షమించాను. దానివల్ల నీకు గానీ నాకు గానీ ఆయనకి గానీ ఒరిగేదేమీ లేదు.

ఆసుపత్రిలో మాస్కు పెట్టబోతుంటే పక్కకి నెట్టి నాకో పని చెప్పారు. ఆయన పోయాక కూడా వెంటనే రాయలేక ఆపింది ఇందుకే. "నీ తమ్ముడికి నా థాంక్స్ చెప్పు. ఈ దేశంలో నాకు అంత మంచి ఉత్తరం ఎవరూ రాయలేదని చెప్పు" అన్నారు.

చెప్పమన్నారు, చెప్పాను.

అక్క